గేమింగ్ పీసీకి ప్రాసెసర్: కొటేషన్‌ను కింది నుంచి పైకి చదవండి

నిరుడు మా మేనల్లుడు ఒక దుకాణంలో రాయించుకొచ్చిన కొటేషన్ కాగితం ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది. మొదటి వరుసలో ఐ9 ప్రాసెసర్, రెండో వరుసలో దానికి తగ్గ ఖరీదైన మదర్‌బోర్డు, మూడో వరుసలో నీళ్లతో చల్లబరిచే కూలర్ ఉన్నాయి. వీటికి పోగా మిగిలిన డబ్బుతో ఆఖరి వరుసల్లో ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు, 60 హెర్ట్జ్ మానిటర్ సర్దారు. వాడు ఆడాలనుకున్నది సైబర్‌పంక్ 2077. ఆ పీసీ కొని ఉంటే అంత ఖరీదైన ప్రాసెసర్ ఎక్కువ సమయం గ్రాఫిక్స్ కార్డు పని ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చునేది. అందుకే ఆ కాగితాన్ని తలకిందులు చేసి, ముందు మానిటర్, తరువాత గ్రాఫిక్స్ కార్డు, ఆ రెండూ తేలాకే ప్రాసెసర్ అని వాడికి చెప్పాను. ఏ ప్రాసెసర్ మంచిదని అడిగే ప్రతివారికీ నేను ఇదే వరుస చెబుతాను, ఎందుకో వివరిస్తాను.

## ఒక ఫ్రేముకు దొరికే సమయం

తెర మీద కనిపించే ప్రతి ఫ్రేము వెనుక ఇద్దరి శ్రమ ఉంటుంది. శత్రువు ఎటు కదలాలి, తూటా ఎవరికి తగిలింది, గోడ కూలితే రాళ్లు ఎక్కడ పడాలి అన్న లెక్కలన్నీ ప్రాసెసర్ వేసి, ఏమేం గీయాలో ఒక జాబితా తయారుచేసి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఆ జాబితా ప్రకారం బొమ్మ గీస్తుంది. ఇద్దరిలో ఎవరు నెమ్మదైతే ఆట వేగం వారి చేతిలోనే ఉంటుంది.

60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే మానిటర్ అయితే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. 144 హెర్ట్జ్ తెర మీద అది 6.9 మిల్లీసెకన్లకు, 240 హెర్ట్జ్ తెర మీద 4.2 మిల్లీసెకన్లకు తగ్గిపోతుంది. ఈ రోజుల్లో సాధారణ ప్రాసెసర్ కూడా 16.7 మిల్లీసెకన్లలో తన పని సునాయాసంగా ముగిస్తుంది, 4.2 మిల్లీసెకన్లలో ప్రతిసారీ ముగించడమే కష్టం. రిజల్యూషన్ సంగతి వేరు. 1080పీ నుంచి 4కేకు వెళితే గీయవలసిన చుక్కలు నాలుగింతలవుతాయి కాబట్టి భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది గానీ, ప్రాసెసర్ వేసే లెక్కలు దాదాపు మారవు. కాబట్టి ఖరీదైన ప్రాసెసర్ అవసరం ఎక్కువగా ఉండేది తక్కువ రిజల్యూషన్, ఎక్కువ హెర్ట్జ్ కోరుకునేవారికి. 4కే తెర ముందు 60 ఫ్రేములతో తృప్తిపడేవారికి ఆ అవసరం తక్కువ. మార్కెట్‌లో చాలామంది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా అనుకుంటారు.

ఇందులో ఒక మెలిక ఉంది. చిన్న బొమ్మను గీసి తెరకు సరిపడా పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్ వంటి అప్‌స్కేలింగ్ పద్ధతులు వాడినప్పుడు ఆట లోపల తక్కువ రిజల్యూషన్‌లో నడుస్తుంది. 1440పీ తెర మీద క్వాలిటీ స్థాయి పెట్టుకుంటే అసలు గీస్తున్నది 960పీ మాత్రమే. గ్రాఫిక్స్ కార్డు తేలికపడినంత మేరకు ఫ్రేములు పెరిగి, గడువు తగ్గి, ఆ ఒత్తిడి మళ్లీ ప్రాసెసర్ మీదికే వస్తుంది. 1440పీలో ఆడుతున్నాను కాబట్టి ఏ ప్రాసెసరైనా చాలులే అనుకునేవారు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

పాత పీసీ ఉన్నవారు డబ్బు తీసేముందు ఒక పరీక్ష చేసుకోవచ్చు. మీరు రోజూ ఆడే ఆటలో ఒక రద్దీ ప్రదేశానికి వెళ్లి ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) గమనించి, రిజల్యూషన్‌ను, గ్రాఫిక్స్ సెట్టింగులను బాగా తగ్గించి, అదే చోట మళ్లీ చూడండి. ఎఫ్‌పీఎస్ గణనీయంగా పెరిగితే లోటు గ్రాఫిక్స్ కార్డుది, పెద్దగా కదలకపోతే లోటు ప్రాసెసర్‌ది లేదా ర్యామ్‌ది. గ్రాఫిక్స్ కార్డు వాడకం 97, 98 శాతం దగ్గర నిలిచి ఉంటే ప్రాసెసర్ మార్చి లాభం లేదు. 60, 70 శాతం మధ్య ఊగుతూ ఆట మధ్యమధ్యలో తడబడుతుంటే ప్రాసెసర్ మార్చే ఆలోచన సరైనదే.

## కొలబద్దలు

కోర్ల సంఖ్య దగ్గరే ఎక్కువ మంది మోసపోతారు. ఆటలకు ఆరు కోర్లు (లెక్కలు వేసే విభాగాలు), పన్నెండు థ్రెడ్లు (అవి ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఈనాటికీ సరిపోతున్నాయి; ఎనిమిది ఉంటే నిశ్చింత. అంతకు మించిన కోర్లు వీడియో ఎడిటింగ్‌కు, త్రీడీ రెండరింగ్‌కు, ప్రోగ్రాములు కంపైల్ చేయడానికి పనికొస్తాయి గానీ ఆటలో ఊరికే కూర్చుంటాయి. ఇంటెల్ చిప్‌ల పెట్టె మీద 14 కోర్లు, 20 కోర్లు అని రాసి ఉన్నప్పుడు వాటిలో ఎక్కువ భాగం తక్కువ కరెంటుతో చిన్న పనులు చేసే ఈ-కోర్లే. ఆటకు ముఖ్యమైనవి వేగంగా పనిచేసే పీ-కోర్లు; కింది పట్టికలో 6+8 వంటి చోట్ల మొదటి అంకె వాటిదే.

గిగాహెర్ట్జ్ అంకెను వేర్వేరు తరాల మధ్య పోల్చడంలో అర్థం లేదు. దానికంటే క్యాష్ (చిప్ లోపలే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ) అంకె ఆటల విషయంలో ఎక్కువ సంగతి చెబుతుంది. ప్రాసెసర్‌కు కావలసిన సమాచారం చిప్ లోపలి ఎల్3 క్యాష్‌లో దొరికితే పది నానోసెకన్ల అటూఇటూ సమయంలో చేతికొస్తుంది. దొరకక ర్యామ్ దాకా వెళ్లవలసి వస్తే డెబ్భై, ఎనభై నానోసెకన్లు పడుతుంది. ఆటలు చిన్నచిన్న సమాచారం కోసం క్షణానికి లక్షల సార్లు ఇలా వెతుక్కుంటాయి. వంటగదిలో డబ్బాలో ఉన్న ఉప్పుకూ, ప్రతిసారీ వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లి తెచ్చుకునే ఉప్పుకూ ఉన్న తేడా ఇది. ఏఎండీ కంపెనీ ఎక్స్3డీ పేరుతో అమ్ముతున్న చిప్‌లు వంటగదిలో పెద్ద డబ్బా పెట్టినవే.

సాకెట్, అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, మూడో విషయం. ఏఎండీ తన ఏఎం4 సాకెట్‌ను 2017 నాటి తొలి రైజెన్ నుంచి రైజెన్ 5000 దాకా నడిపించింది. 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎం5కు కనీసం 2027 వరకు మద్దతు ఉంటుందని ప్రకటించింది. ఇంటెల్ సాధారణంగా ఒక సాకెట్‌ను రెండు మూడు తరాలకు మించి సాగించదు. ఎల్‌జీఏ 1700 సాకెట్ 12, 13, 14 తరాలతో ముగిసిపోయింది. రెండు మూడేళ్లకు ప్రాసెసర్ మాత్రమే మార్చుకునే అలవాటు ఉన్నవారికి ఇది పెద్ద తేడా. అయిదారేళ్లకు ఒకసారి పీసీ మొత్తం మార్చేవారు దీన్ని పట్టించుకోనక్కరలేదు.

ఇక వేడి. పెట్టె మీద రాసే టీడీపీ (చిప్ వెదజల్లే వేడికి కంపెనీ ఇచ్చే అంచనా) అన్న అంకెకు మన రాజకీయాలతో సంబంధం లేదు, అసలు కరెంటు వాడకంతో ఉన్న సంబంధం కూడా అంతంతమాత్రమే. 65 వాట్లని రాసిన రైజెన్ 88 వాట్ల దాకా, 120 వాట్లని రాసినది 162 వాట్ల దాకా తీసుకోగలవు. ఇంటెల్ గరిష్ఠ అంకెను విడిగా చెబుతుంది. 14 తరం ఐ9కు అది 253 వాట్లు. ఏ ఫ్యాన్ కూలరైనా గది వేడి కంటే కిందికి దించలేదు. చాలా సమీక్షలు ఇరవై రెండు డిగ్రీల అటూఇటూ గదుల్లో జరుగుతాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది నలభైకి చేరితే, సమీక్షలో 75 డిగ్రీలు చూపిన చిప్ మీ ఇంట్లో 90 దాటడానికి సిద్ధంగా ఉంటుంది. అందుకే మన ఊళ్లలో తక్కువ వాట్ల చిప్‌కు నేను రెండు మార్కులు ఎక్కువే వేస్తాను.

## పోటీలో ఉన్నవి

| ప్రాసెసర్ | సాకెట్ | కోర్లు / థ్రెడ్లు | ఎల్3 క్యాష్ | ర్యామ్ | లోపలి గ్రాఫిక్స్ | గరిష్ఠ వాట్లు |
|---|---|---|---|---|---|---|
| రైజెన్ 5 5600 | ఏఎం4 | 6 / 12 | 32 ఎంబీ | డీడీఆర్4 | లేదు | 76 |
| కోర్ ఐ5-12400ఎఫ్ | ఎల్‌జీఏ 1700 | 6 / 12 | 18 ఎంబీ | డీడీఆర్4 లేదా 5 | లేదు | 117 |
| రైజెన్ 5 7600 | ఏఎం5 | 6 / 12 | 32 ఎంబీ | డీడీఆర్5 | ఉంది | 88 |
| కోర్ ఐ5-14600కే | ఎల్‌జీఏ 1700 | 6+8 / 20 | 24 ఎంబీ | డీడీఆర్4 లేదా 5 | ఉంది | 181 |
| కోర్ అల్ట్రా 7 265కే | ఎల్‌జీఏ 1851 | 8+12 / 20 | 30 ఎంబీ | డీడీఆర్5 | ఉంది | 250 |
| రైజెన్ 7 7800ఎక్స్3డీ | ఏఎం5 | 8 / 16 | 96 ఎంబీ | డీడీఆర్5 | ఉంది | 162 |
| రైజెన్ 7 9800ఎక్స్3డీ | ఏఎం5 | 8 / 16 | 96 ఎంబీ | డీడీఆర్5 | ఉంది | 162 |

రైజెన్ 5 5600, కోర్ ఐ5-12400ఎఫ్. రెండూ 2022లో వచ్చినవే. రెండింటి పెట్టెల్లోనూ కూలర్ వస్తుంది. 1080పీ తెర, మధ్యతరగతి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి ఇవి ఇప్పటికీ నిలబడే ఎంపికలే. రెండింటి మధ్య ఆటల్లో తేడా వెతికి పట్టుకోవలసినంత చిన్నది కాబట్టి, బోర్డుతో కలిపి ఏది చౌకగా దొరికితే అది తీసుకోవచ్చు. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరగడంతో, ఇంట్లో పాత డీడీఆర్4 స్టిక్కులు ఉన్నవారికి ఈ వర్గం మళ్లీ ఆకర్షణీయంగా మారింది. రైజెన్ 5 5500 మాత్రం వేరే జాతి. పేరులో వంద తక్కువే గానీ క్యాష్ సగానికి, అంటే 16 ఎంబీకి పడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డును ప్రాసెసర్‌తో కలిపే దారి కూడా పాత తరం పీసీఐఈ 3.0 మాత్రమే. ఆర్‌టీఎక్స్ 4060 వంటి ఎనిమిది లేన్ల కార్డులకు ఆ దారి ఇరుకవుతుంది.

రైజెన్ 5 7600. కొత్తగా పీసీ కట్టించుకునేవారిలో ఎక్కువ మందికి నేను చెప్పేది ఇదే. 5600 కంటే స్పష్టంగా వేగవంతమైనది, కూలర్ పెట్టెలోనే వస్తుంది, వేడి తక్కువ. అన్నిటికంటే ముఖ్యంగా, నేడు ఒక బీ650 రకం ఏఎం5 బోర్డు మీద దీన్ని పెట్టుకుని, రెండేళ్ల తరువాత అదే బోర్డు మీదికి ఎక్స్3డీ చిప్ తెచ్చుకోవచ్చు. దీని కంటే కొత్తదైన 9600ఎక్స్ ఆటల్లో కొంచెమే ముందుంటుంది, పైగా కూలర్ విడిగా కొనుక్కోవాలి. 7500ఎఫ్ చౌకైనదే గానీ అందులో లోపలి గ్రాఫిక్స్ ఉండవు. గ్రాఫిక్స్ కార్డు పాడై వారంటీకి వెళితే అది తిరిగొచ్చేసరికి వారాలు గడిచిపోతాయి; అన్ని రోజులూ పీసీ చీకట్లో కూర్చోకుండా కనీసం చదువుకూ ఆఫీసు పనికీ తెర వెలిగితే చాలనుకునేవారు లోపలి గ్రాఫిక్స్‌కు ఆ కాస్త ఎక్కువ ధర పెట్టడం మేలు.

కోర్ ఐ5-14600కే. ఆటలూ, వీడియో ఎడిటింగూ రెండూ నడిపించే గట్టి చిప్. అయితే 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో అధిక వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతినే సమస్య బయటపడింది. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కంపెనీ మైక్రోకోడ్ (చిప్ లోపలి నియంత్రణ ప్రోగ్రాము) సవరణలు విడుదల చేసి, బాక్స్ చిప్‌ల వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. కొత్త చిప్ తీసుకుని మొదటి రోజే బయోస్ (మదర్‌బోర్డును నడిపించే ప్రోగ్రాము) అప్‌డేట్ చేసుకుంటే భయపడనక్కరలేదు. సెకండ్ హ్యాండ్‌లో మాత్రం, పాత బయోస్‌తో అది ఎన్నాళ్లు నడిచిందో చెప్పగలవారు ఉండరు కాబట్టి నేను ముట్టుకోను.

కోర్ అల్ట్రా 7 265కే. 2024 అక్టోబరులో ఈ తరం వచ్చినప్పుడు కొన్ని ఆటల్లో తన ముందు తరం కంటే వెనకబడింది. రెండరింగ్, కంపైలింగ్ పనుల్లో బలమైనది, 14 తరం కంటే తక్కువ కరెంటుతో నడుస్తుంది. పగలు పని, రాత్రి ఆట అనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మంచి తగ్గింపు ధరలో దొరికితే సరే. ఆట కోసమే అయితే దీని వైపు చూడనక్కరలేదు.

రైజెన్ 7 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 7800లో అదనపు క్యాష్ పలకను కోర్ల పైన అతికించారు. దాంతో కోర్ల వేడి పైకి పోవడానికి అది అడ్డుపడి, వేగాన్ని 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆపవలసి వచ్చింది. 2024 నవంబరులో వచ్చిన 9800లో ఆ పలకను కోర్ల కిందికి మార్చారు. కోర్లకు కూలర్‌తో నేరుగా పొందిక కుదిరి వేగం 5.2కు పెరిగింది. ఫ్లైట్ సిమ్యులేటర్, ఫ్యాక్టోరియో, రేసింగ్ సిమ్యులేటర్ల వంటి ఆటల్లో ఈ క్యాష్ చూపే ప్రభావం మామూలుది కాదు. సగటు ఎఫ్‌పీఎస్ కంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చే అట్టడుగు ఒక శాతం ఫ్రేములు మెరుగుపడటమే వీటి అసలు గొప్పతనం. జనం గుమిగూడిన వీధిలోకి అడుగుపెట్టినప్పుడు ఆట తడబడకుండా సాగిపోతుంది. రెండింటిలో ఏది అంటే, ధరలో పెద్ద తేడా ఉన్నప్పుడు 7800 తీసుకుని మిగిలింది గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టమంటాను. పదహారు కోర్ల 9950ఎక్స్3డీని ఆట కోసం కొనడం మాత్రం వృథా; అందులో అదనపు క్యాష్ సగం కోర్లకే ఉంటుంది, ఆట నడిచేది ఆ సగం మీదే.

## ఎవరికి ఏది

వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 పోటీగా ఆడుతూ 240 హెర్ట్జ్ మానిటర్ కొన్నవారు ప్రాసెసర్ మీద ఎక్కువ, గ్రాఫిక్స్ కార్డు మీద తక్కువ పెట్టడం సబబైన ఏకైక వర్గం. వీరికి ఎక్స్3డీ చిప్ పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది. కథ ఉన్న పెద్ద ఆటలను 1440పీ లేదా 4కేలో నింపాదిగా ఆడేవారు 7600 దగ్గర ఆగి, మిగిలిన డబ్బంతా గ్రాఫిక్స్ కార్డుకు మళ్లించాలి.

ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చేవారికి ఎక్కువ కోర్లు కావాలన్న మాట పాతబడింది. వీడియోను ఎన్‌కోడ్ చేసే పనిని ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డులోని ప్రత్యేక భాగమే చూసుకుంటుంది. ఎనిమిది కోర్లు చాలు.

ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు కొనే స్థితి లేదు, ఆరు నెలల తరువాత చూద్దాం అనుకునే విద్యార్థికి రైజెన్ 5 8600జీ ఒక దారి. తేలికపాటి ఆటలను 1080పీలో నడిపించే గ్రాఫిక్స్ అందులోనే ఉంటాయి. అయితే క్యాష్ 16 ఎంబీ మాత్రమే, గ్రాఫిక్స్ కార్డుకు ఎనిమిది లేన్లే దొరుకుతాయి. ఆ ఆరు నెలల తరువాత నిజంగా కార్డు కొంటే, 7600 తీసుకున్న మిత్రుడి పీసీ కంటే వెనకే ఉంటారు. కార్డు కొనడం ఖాయమైతే మొదటే 7600 తీసుకుని ఆ ఆరు నెలలు ఓపిక పట్టండి. ఖాయం కాకపోతే 8600జీ తీసుకోండి.

ఏఎం4 బోర్డు ఉన్నవారు కొత్త పీసీ ఆలోచన చేసేముందు ఒక్కసారి బోర్డు పేరును తయారీదారు వెబ్‌సైట్‌లో వెతకాలి. 2017 నాటి 300 శ్రేణి బోర్డులకు కూడా రైజెన్ 5000 చిప్‌లు పెట్టుకునే వెసులుబాటు 2022లో వచ్చింది. కొత్త బయోస్‌ను పాత చిప్ ఉండగానే ఎక్కించాలి. చిప్ మార్చాక గుర్తొస్తే తెర వెలగదు. 5800ఎక్స్3డీ గానీ 5700ఎక్స్3డీ గానీ మంచి ధరకు దొరికితే బోర్డూ ర్యామూ మార్చకుండా మరో మూడు నాలుగేళ్లు లాగవచ్చు.

## కొనేటప్పుడు

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో తిరిగేవారికి ట్రే పీసు, బాక్స్ పీసు అన్న మాటలు వినబడతాయి. ట్రే పీసుకు పెట్టె ఉండదు, కూలర్ ఉండదు, వారంటీ సాధారణంగా అమ్మినవారి మాట మీద ఆధారపడి ఉంటుంది. వందల్లో ఉన్న తేడాకు ఆశపడకుండా బాక్స్ పీసు తీసుకుని, దాని సీరియల్ నంబరు జీఎస్టీ బిల్లు మీద రాయించుకోవాలి. కంప్యూటర్ విడిభాగాల మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి, ఎవరైనా ఆశ్చర్యపోయేంత తక్కువ ధర చెబితే బిల్లు ఇస్తారా అని ముందే అడగడం మంచిది.

సెకండ్ హ్యాండ్ చూసేవారు విండోస్ 11 సంగతి మరవకూడదు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్‌లో 8 తరం, ఏఎండీలో రైజెన్ 2000 కంటే పాతవాటిని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 11 మీద వాలరెంట్ నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అన్న భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండి తీరాలి.

ర్యామ్ ఒకే స్టిక్కుగా కాకుండా రెండుగా తీసుకోవాలి. ఏఎం5కు డీడీఆర్5-6000 వేగం చక్కగా కుదురుతుంది, కానీ పెట్టె మీద 6000 అని ఉన్నంత మాత్రాన పీసీ ఆ వేగంతో నడవదు. బయోస్‌లోకి వెళ్లి ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌పో సెట్టింగును, ఇంటెల్ అయితే ఎక్స్‌ఎంపీని, ఆన్ చేయాలి. మా మేనల్లుడి పీసీలో మొదటి వారం ర్యామ్ 4800 దగ్గరే నడిచింది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పుట తెరిచి చూసేదాకా మా ఇద్దరిలో ఎవరికీ ఆ అనుమానం రాలేదు.

బిగించేటప్పటి జాగ్రత్త ఒకటి చెప్పాలి. ఏఎం4 చిప్‌లకు సూదుల్లాంటి పిన్నులు చిప్‌కే ఉంటాయి. నా పాత పీసీకి థర్మల్ పేస్టు మార్చబోయి కూలర్‌ను నిటారుగా పైకి లాగితే, ఎండిపోయిన పేస్టుకు అతుక్కుని చిప్ కూడా ఊడొచ్చింది. నాలుగు పిన్నులు వంగాయి. ములుకు తీసేసిన మెకానికల్ పెన్సిల్ గొట్టాన్ని ఒక్కో పిన్నుకూ తొడిగి, శ్వాస బిగబట్టి నిలబెట్టాను. ఆట కాసేపు నడిపించి, కూలర్ వేడిగా ఉండగా పీసీ ఆపి, అటూఇటూ మెల్లగా తిప్పి తీస్తే ఈ గొడవ రాదు. ఏఎం5, ఇంటెల్ సాకెట్లలో పిన్నులు బోర్డు వైపు ఉంటాయి, వంగితే పోయేది బోర్డే. ఆ పిన్నుల మీద కొత్త బోర్డుతో పాటు వచ్చే నల్ల ప్లాస్టిక్ మూతను మాత్రం చెత్తలో వేయకుండా పెట్టెలో దాచి ఉంచండి. బోర్డును వారంటీకి ఇవ్వవలసి వచ్చిన రోజున దాన్ని బిగించి ఇమ్మని అడుగుతారు.